సెంటుకొక చిరునామా

పారిస్ నగర పోలీసు శాఖ 1893 ఆగస్టు 14న జారీ చేసిన ఉత్తర్వు ప్రకారం, వీధుల్లో తిరిగే ప్రతి మోటారు బండికీ ఒక లోహపు పలక బిగించి, దానిమీద యజమాని పేరు, చిరునామా, బండికి కేటాయించిన సంఖ్య రాయించాలి. ఆ పలక ఎన్నడూ దేనిచాటునా పడకూడదు. గుర్రపు బండ్ల కాలంలో గుర్రాన్ని బట్టో, తోలేవాణ్ణి బట్టో బండి ఎవరిదో ఊరివాళ్ళు పోల్చుకునేవారు కానీ, ఎక్కడి నుంచో దూసుకువచ్చి, కోడినో మేకనో మనిషినో తొక్కి, లేచిన దుమ్ము సర్దుకునేలోపు కనుమరుగయ్యే ఈ కొత్త యంత్రం విషయంలో ఆ పాత గుర్తింపు పనికిరాకుండా పోయింది. అందువల్ల వాహన నమోదు అనే పద్ధతి పుట్టుకతోనే గోప్యతకు ఎదురుగా నిలిచింది. రోడ్డెక్కేవాడు తానెవరో, ఎక్కడ దొరుకుతాడో ముందే చెప్పి మరీ రోడ్డెక్కాలన్నది దాని మూలసూత్రం. ఆ సూత్రం కింద శతాబ్దం పాటు ప్రభుత్వ కార్యాలయాల్లో పోగుపడిన పేర్లూ చిరునామాలూ ఎవరి చేతుల్లో పడ్డాయో, ఎంత ధర పలికాయో, చివరికి ఆ దస్త్రాల గదికి తాళం వేయడానికి ఏమేం జరగవలసి వచ్చిందో అన్నింటికంటే వివరంగా తెలిపేది అమెరికా సంయుక్త రాష్ట్రాల చరిత్ర.

అమెరికాలో ఈ పనికి మొదట పూనుకున్నది న్యూయార్క్ రాష్ట్రం. అక్కడ 1901లో వచ్చిన చట్టం మోటారు బండి యజమానులు తమ పేరు, చిరునామా, బండి ఆనవాళ్ళు రాష్ట్ర కార్యదర్శి దగ్గర నమోదు చేయించుకుని 1 డాలరు రుసుము కట్టాలని విధించింది. ప్రభుత్వం పలకలేవీ ఇచ్చేది కాదు. యజమానే తన పేరులోని పొడి అక్షరాలను కనీసం 3 అంగుళాల ఎత్తున తోలుముక్క మీదో చెక్క మీదో రేకు మీదో వేయించి బండి వెనుక తగిలించుకునేవాడు. ఒకే పొడి అక్షరాలున్న పెద్దమనుషులు ఒక్క పట్టణంలోనే నలుగురు ఉండవచ్చు కనుక ఈ ఏర్పాటు ఎక్కువకాలం నిలవలేదు. 1903లో మసాచుసెట్స్ రాష్ట్రం ముదురు నీలిరంగు పింగాణీ పూత పూసిన ఇనుప పలకల మీద తెల్లని అంకెలు వేయించి తానే పంచిపెట్టింది. బ్రిటన్‌లో అదే ఏడాది చేసిన మోటారు కారు చట్టం 1904 జనవరి 1 నుంచి నంబర్లను తప్పనిసరి చేసింది.

పైకి చిన్నదిగా కనిపించే ఈ మార్పు ఫలితం మాత్రం పెద్దది. అంకెలు రావడంతో చిరునామా బండిమీది నుంచి దిగి కార్యాలయంలోని రిజిస్టరులోకి వెళ్ళిపోయింది. వీధిలో పోయేవాడికి ఇప్పుడు ఒక సంఖ్య మాత్రమే కనిపిస్తుంది, ఆ సంఖ్య వెనుక ఉన్న మనిషిని తెలుసుకోవాలంటే కార్యాలయపు మెట్లెక్కాలి. అంటే ఎవరూ కోరకుండానే, ఏ చట్టమూ చెప్పకుండానే వాహనదారుడికి ఒక ముసుగు దొరికింది. అయితే ఆ ముసుగు ఎంత దళసరిదన్నది కార్యాలయంలో కూర్చున్న గుమస్తా ఎవరికి రిజిస్టరు తెరిచి చూపుతాడన్నదానిమీద ఆధారపడింది.

అమెరికా రాష్ట్రాలలో చాలావరకు గుమస్తా అడిగినవారందరికీ తెరిచి చూపేవాడు. అక్కడి పాలనా సంప్రదాయంలో ప్రభుత్వ దస్త్రం ప్రజల దస్త్రం. పన్ను కట్టే పౌరుడు దాన్ని చూడగోరితే కారణం చెప్పనక్కరలేదు. తెలుగు పాఠకులకు దీనికి దగ్గరి పోలిక సబ్ రిజిస్ట్రారు కార్యాలయం: ఏ స్థలం మీద ఏ తాకట్టు ఉందో తెలుసుకోవడానికి రుసుము కట్టి ఈసీ తీయించుకునేవారు ఆ స్థలం యజమానే కానక్కరలేదు, కొనబోయేవాడు మోసపోకూడదనే ఆ వెసులుబాటు. భూమికి సరిపడిన ఆ తర్కాన్నే అమెరికావారు బండికీ వర్తింపజేశారు. అయితే భూమి కదలదు, దాని యజమాని ఎవరో చుట్టుపక్కలవారికి ఎలాగూ తెలుసు. బండి అలాకాదు, దాన్ని ఎక్కడో ఒక దుకాణం ముందు, ఆసుపత్రి ముందు, ప్రార్థనా మందిరం ముందు చూసినవాడు దాని నంబరు పట్టుకుని యజమాని ఇంటిదాకా రాగలడు. ఈ తేడాను పాలకులు గుర్తించడానికి సుమారు 90 ఏళ్ళు పట్టింది.

ఈలోపు రిజిస్టరులోని విలువను వ్యాపారులు గుర్తించారు. ఊళ్ళవారీగా నివాసుల జాబితాలు అచ్చువేసి అమ్మే ఆర్. ఎల్. పోక్ అనే సంస్థ 1922 నుంచి రాష్ట్రాల వాహన నమోదు లెక్కలను సేకరించి ప్రకటించడం మొదలుపెట్టింది. ఏ ఊళ్ళో ఏ కంపెనీ కారు ఎన్ని ఉన్నాయి, ఎవరి కారు పాతబడింది, ఎవరు త్వరలో కొత్తది కొనే అవకాశముంది అన్నవి కార్ల తయారీదారులకు బంగారంలాంటి సమాచారం. క్రమంగా ఆ జాబితాలు బీమావాళ్ళకు, టైర్ల దుకాణాలకు, పత్రికల చందాలు చేర్చేవారికి, చివరకు కారుతో ఏ సంబంధమూ లేని సరుకులు తపాలాలో అమ్మేవారికీ చేరాయి. తయారీలో లోపమున్న కార్లను వెనక్కు పిలిపించాలన్నా యజమానుల చిరునామాలు కావలసిందే కాబట్టి ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని పూర్తిగా తప్పుపట్టడమూ కుదరదు. మంచి అవసరమూ, చిల్లర వ్యాపారమూ ఒకే తలుపు గుండా నడిచాయి, తలుపు దగ్గర రుసుము తీసుకునే ప్రభుత్వం ఎవరు దేనికోసం వచ్చారని అడగలేదు.

దీనిమీద తొలినాళ్ళలో న్యాయస్థానానికి వెళ్ళినవారిలో కార్లిస్ లామాంట్ అనే తత్త్వవేత్త ఒకరు. న్యూయార్క్ చట్టం వాహన రిజిస్టరు నకళ్ళను ఎక్కువ ధర పాడినవారికి ఏటా అమ్ముకోవడానికి మోటారు వాహనాల అధికారికి అనుమతి ఇచ్చేది. ఆ అమ్మకం వల్ల తన ఇంటికి అడగని ప్రకటనలు వచ్చిపడుతున్నాయని, ఇది తన ఏకాంతంలోకి చొరబడటమేనని ఆయన వాదించగా, 1967లో ఫెడరల్ న్యాయమూర్తి మార్విన్ ఫ్రాంకెల్ ఆ వాదన తోసిపుచ్చారు. అక్కరలేని కాగితాన్ని తపాలా పెట్టె నుంచి చెత్తబుట్టకు చేర్చడానికి పడే శ్రమ రాజ్యాంగం పట్టించుకోవలసినంతది కాదన్నది ఆ తీర్పు సారాంశం. చమత్కారంగా ఉన్న ఆ తీర్పులో ఒక లోటుంది. చిరునామా తెలిసినవాడు పంపేది కాగితమే అయితే చెత్తబుట్ట సరిపోతుంది. వచ్చేవాడు మనిషే అయితే సరిపోదు.

ఆ మనిషి 1989 జూలై 18న వచ్చాడు. 'మై సిస్టర్ శామ్' అనే టెలివిజన్ ధారావాహిక ద్వారా పేరు తెచ్చుకున్న 21 ఏళ్ళ నటి రెబెకా షేఫర్‌ను లాస్ ఏంజిలిస్‌లో ఆమె నివాసపు గుమ్మంలోనే, కొన్నేళ్ళుగా ఆమెను వెంటాడుతున్న ఒక యువకుడు కాల్చి చంపాడు. ఆమె ఇల్లెక్కడో అతనికి తెలియదు. అరిజోనా రాష్ట్రంలోని టూసాన్‌లో ఒక ప్రైవేటు డిటెక్టివ్‌కు 250 డాలర్లు ఇస్తే, ఆ డిటెక్టివ్ కాలిఫోర్నియా మోటారు వాహనాల శాఖ నుంచి చిరునామా తెప్పించి చేతిలో పెట్టాడు. అమెరికాలో డీఎంవీ అని పొడి అక్షరాలతో పిలిచే ఆ శాఖ మన ఆర్టీవో కార్యాలయానికి సమానం. బండి నమోదూ, డ్రైవింగ్ లైసెన్సూ రెండూ అక్కడే. ఈ లావాదేవీలో ఎక్కడా దొంగతనం లేదు, లంచం లేదు, తాళం పగలగొట్టడం లేదు. అడిగారు, ఇచ్చారు. ఆ హత్య తర్వాతే కాలిఫోర్నియా ఇంటి చిరునామాలను బయటివారికి ఇవ్వకుండా తన చట్టాన్ని బిగించింది. 1990లో, ఒక మనిషిని వెంటాడి వేధించడాన్ని ప్రత్యేక నేరంగా ప్రకటించిన మొదటి రాష్ట్రమూ అదే అయింది.

ఒక రాష్ట్రం తలుపు మూసుకుంటే పక్క రాష్ట్రపు తలుపు తెరిచే ఉంటుంది. 1990ల తొలి సంవత్సరాల్లో వాషింగ్టన్‌లోని చట్టసభ ముందుకు వచ్చిన ఉదాహరణలు ఈ సంగతినే పట్టి చూపాయి. అయోవా రాష్ట్రంలో కుర్రాళ్ళ ముఠా ఒకటి ఖరీదైన కార్ల నంబర్లు రాసుకుని, రవాణా శాఖ నుంచి యజమానుల చిరునామాలు తీసుకుని ఆ ఇళ్ళు దోచుకుంది. గర్భస్రావ వైద్యశాలల ముందు నిరసన చేసేవారు అక్కడ ఆగిన కార్ల నంబర్లు రాసుకుని, వాటి ద్వారా వైద్యుల, వచ్చిపోయే స్త్రీల ఇళ్ళు కనిపెట్టి వేధించారు. దేశంలో 30కి పైగా రాష్ట్రాల్లో ఏ అపరిచితుడైనా నంబరు చెప్పి యజమాని పేరూ ఇల్లూ తెలుసుకోవచ్చునన్నది సెనేట్ చర్చలో వినిపించిన మాట. వర్జీనియాకు చెందిన ప్రతినిధి జిమ్ మొరాన్, కాలిఫోర్నియా సెనేటర్ బార్బరా బాక్సర్ పూనికతో తయారైన 'డ్రైవర్ల గోప్యతా పరిరక్షణ చట్టం' ఒక పెద్ద నేర నిరోధక చట్టంలో భాగంగా ఆమోదం పొంది, 1994 సెప్టెంబరు 13న అధ్యక్షుడు క్లింటన్ సంతకంతో శాసనమైంది. అమలుకు రాష్ట్రాలకు మూడేళ్ళ గడువు ఇచ్చారు. గోప్యత కోసం చేసిన చట్టం తుపాకులు, జైళ్ళు, పోలీసు నియామకాల గురించిన చట్టంలో ఒక అధ్యాయంగా రావడం యాదృచ్ఛికం కాదు. సభ్యులను కదిలించినది గోప్యత అనే భావన కంటే గుమ్మంలో పడిన శవం.

ఆ చట్టం అల్లిక కాస్త దగ్గరగా చూడదగినది. మనిషిని గుర్తుపట్టించే వివరాలను అది వ్యక్తిగత సమాచారం అంటుంది: ఫొటో, పేరు, చిరునామా, ఫోను నంబరు, లైసెన్సు సంఖ్య, అమెరికా ప్రభుత్వం ఇచ్చే సోషల్ సెక్యూరిటీ సంఖ్య, ఆరోగ్య వైకల్య వివరాలు. చిరునామాలో 5 అంకెల తపాలా కోడ్‌కు మాత్రం ఈ రక్షణ లేదు. ప్రమాదాలు, ట్రాఫిక్ ఉల్లంఘనలు, లైసెన్సు చెల్లుబాటులో ఉందా రద్దయిందా అన్న సంగతి కూడా గోప్యత కిందికి రావు. తాగి బండి నడిపినవాడి చరిత్ర దాచడం తమ ఉద్దేశం కాదన్న చట్టకర్తల మాట ఇక్కడ స్పష్టమే. ఈ సమాచారాన్ని ఎవరికీ ఇవ్వకూడదని ఒక వాక్యంలో చెప్పిన చట్టం, వెంటనే ఇవ్వదగిన సందర్భాలు 14 జాబితా చేస్తుంది: ప్రభుత్వ శాఖల పనులకు, న్యాయస్థానాల వ్యవహారాలకు, బీమా విచారణలకు, లోపమున్న కార్లను వెనక్కు పిలవడానికి, లాగుకుపోయిన బండి యజమానికి కబురు చేయడానికి, అనుమతి పొందిన ప్రైవేటు డిటెక్టివ్‌లకు సైతం. షేఫర్ చిరునామా సంపాదించినది డిటెక్టివే అన్న విషయం తెలిసి కూడా ఆ వృత్తికి జాబితాలో చోటు దొరికింది. మిగిలిన సందర్భాల్లో ఒకదానికోసం మాత్రమే వాడాలన్న షరతు పెట్టారు, కానీ ఆ షరతు కాగితం మీద కట్టినంత గట్టిగా కార్యాలయపు కిటికీ దగ్గర నిలుస్తుందని అనుకోవడం కష్టం.

ఉల్లంఘనకు మందు కూడా చట్టంలోనే ఉంది. సమాచారం అక్రమంగా బయటపడిన వ్యక్తి నేరుగా దావా వేయవచ్చు, కనీసం 2,500 డాలర్ల పరిహారం కోరవచ్చు. అయితే దావా వేయగలిగేది తీసుకున్నవారి మీద, వాడినవారి మీద, వెలువరించినవారి మీద మాత్రమే. రాష్ట్రాన్నీ రాష్ట్ర శాఖలనూ చట్టం తెలివిగా పక్కన పెట్టింది. చట్టాన్ని అదేపనిగా బేఖాతరు చేసే శాఖకు రోజుకు 5,000 డాలర్ల వరకు జరిమానా విధించే అధికారం దేశపు అటార్నీ జనరల్‌కే ఉంది.

మూడేళ్ళ గడువు ముగియకముందే, 1996లో, ఆరెగాన్ రాష్ట్రంలో ఒక వ్యక్తి 222 డాలర్లు చెల్లించి రాష్ట్ర వాహన రిజిస్టరు మొత్తాన్నీ కొని, నంబరు కొడితే యజమాని కనిపించేలా ఇంటర్నెట్‌లో పెట్టాడు. జనం గగ్గోలు పెట్టడంతో దాన్ని తీసేశాడు. అతను చేసినదంతా అప్పటి చట్టానికి లోబడినదే, కొత్తగా చేసినది కార్యాలయపు కిటికీని ప్రతి ఇంటి బల్లమీదికి తేవడమే. రిజిస్టరు తెరిచి ఉండటానికీ, అందరి కళ్ళముందూ తెరిచి ఉండటానికీ మధ్య ఉన్న దూరాన్ని అంతవరకూ కాపాడినది చట్టం కాదని, కార్యాలయానికి పోవడానికి మనిషికుండే బద్ధకమేనని అప్పుడు బయటపడింది.

1994 చట్టం మొదటి రూపంలో ఒక పెద్ద చిల్లు ఉంది. వాహనదారుడు ప్రత్యేకంగా వద్దని రాసివ్వకపోతే ఒప్పుకున్నట్టే లెక్కగట్టి, రాష్ట్రాలు ప్రకటనదారులకు టోకున అమ్ముకోవచ్చు. లైసెన్సు దరఖాస్తులో మూలనున్న చిన్న గడిని చూసి టిక్కు పెట్టేవారు ఎందరుంటారో ఊహించడం కష్టం కాదు. ఆ చిల్లు పూడ్చడానికి కారణమైనవి ఫొటోలు. దక్షిణ కరోలినా రాష్ట్రం తన డ్రైవర్ల ఫొటోలు 35 లక్షలు న్యూహాంప్‌షైర్‌లోని ఒక చిన్న సంస్థకు 5,000 డాలర్లకు అమ్మిందన్న వార్త 1999 ఆరంభంలో బయటికొచ్చింది. లెక్కగడితే ఒక సెంటుకు ఏడు ముఖాలు. ఆ సంస్థకు దేశాధ్యక్షుడికి భద్రత కల్పించే సీక్రెట్ సర్వీసు ద్వారా ప్రభుత్వ ధనం కూడా అందిందని తేలడంతో దుమారం ముదిరింది. అలబామా సెనేటర్ రిచర్డ్ షెల్బీ చొరవతో అదే ఏడాది వచ్చిన సవరణ ఈ లెక్కను తలకిందులు చేసింది: వద్దని చెప్పకపోవడం సమ్మతి కాదు, సరేనని స్పష్టంగా చెప్పినదే సమ్మతి. 2000 జూన్ 1 నుంచి ఇది అమలైంది. గోప్యతా చట్టాల చరిత్రలో ఈ ఒక్క మలుపుకు ఉన్న విలువ పదిపేజీల నిబంధనలకు ఉండదు. ఎందుకంటే మౌనం ఎవరి పక్షాన లెక్కకు వస్తుందో అదే చాలావరకు ఫలితాన్ని తేలుస్తుంది.

అమ్మకాల మీద ఆదాయం పోగొట్టుకోబోయే రాష్ట్రాలు మొదటినుంచీ చట్టానికి అడ్డుపడ్డాయి. విస్కాన్సిన్ రవాణా శాఖకు ఈ అమ్మకాల మీద ఏటా సుమారు 80 లక్షల డాలర్లు వచ్చేవి. తమ రిజిస్టరును తామెలా నడుపుకోవాలో చెప్పే అధికారం కేంద్రానికి లేదంటూ దక్షిణ కరోలినా అటార్నీ జనరల్ చార్లీ కాండన్ వేసిన దావా కింది న్యాయస్థానాల్లో గెలిచి సుప్రీంకోర్టుకు చేరింది. రాష్ట్రాల అధికారులను కేంద్రం తన పనివాళ్ళుగా వాడుకోరాదని అంతకు మూడేళ్ళ ముందే, 1997లో, అదే కోర్టు గట్టిగా చెప్పి ఉన్నందున ఈ చట్టం నిలుస్తుందని నమ్మినవారు కొద్దిమందే. 2000 జనవరి 12న ప్రధాన న్యాయమూర్తి రెంక్విస్ట్ రాసిన తీర్పు తొమ్మిదిమంది ఏకాభిప్రాయంతో చట్టాన్ని నిలబెట్టింది. దానికి ఆధారం గోప్యత అనే హక్కు కాదు. రాష్ట్రాలు ఈ సమాచారాన్ని అమ్ముతున్నాయి, కొన్నవారు రాష్ట్రాల సరిహద్దులు దాటించి వ్యాపారం చేస్తున్నారు, కనుక ఇది అంతర్రాష్ట్ర వాణిజ్యంలోని సరుకు; అలాంటి సరుకును నియంత్రించే అధికారం రాజ్యాంగం కేంద్ర చట్టసభకు ఇచ్చింది; పైగా చట్టం రాష్ట్రాలను పౌరులమీద పెత్తనం చేయమని ఆజ్ఞాపించడం లేదు, సమాచారపు కోశానికి యజమానులుగా వారిని ఒక కట్టుబాటులో పెడుతోంది, అన్నది తర్కం. మరోమాటలో, రాష్ట్రాలు మనుషుల చిరునామాలను పప్పూ ఉప్పులా అమ్మి ఉండకపోతే ఆ చిరునామాలను కాపాడే చట్టానికి ఆ తీర్పులో దొరికిన ఆధారం దొరికేది కాదు. అమ్మినవారి అత్యాశే రక్షణకు పునాదిరాయి కావడం ఈ చరిత్రలోని విచిత్రాలలో పెద్దది.

తీర్పు తర్వాత వచ్చిన వ్యాజ్యాలు చట్టపు పదునునూ పరిమితినీ రెంటినీ చూపాయి. ఫ్లోరిడా రాష్ట్రం సవరణకు అనుగుణంగా తన చట్టాన్ని మార్చడంలో జాప్యం చేసిన కాలంలో, 2000 నుంచి 2003 వరకు, ఒక స్థానిక బ్యాంకు కారు రుణాల ప్రకటనలు పంపడానికి 5,65,600 మంది పేర్లూ చిరునామాలూ 5,656 డాలర్లకు కొంది. సరిగ్గా సెంటుకొక చిరునామా. నష్టం జరిగినట్టు రుజువు చూపకపోయినా కనీస పరిహారం కోరవచ్చని 2005లో అప్పీలు కోర్టు చెప్పడంతో, సెంటు పెట్టి కొన్న ప్రతి చిరునామాకూ 2,500 డాలర్ల బాధ్యత మీదపడి, మొత్తం 141 కోట్ల డాలర్లు దాటే పరిస్థితి వచ్చింది. వ్యవహారం చివరకు 5 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. దక్షిణ కరోలినాలో కార్ల డీలర్ల మీద దావాకు కక్షిదారులను కూడగట్టడానికి కొందరు న్యాయవాదులు సమాచార హక్కు దరఖాస్తు ద్వారా 34,000 మందికి పైగా కొనుగోలుదారుల వివరాలు రాబట్టి ఉత్తరాలు రాసిన కేసులో, కక్షిదారుల వేట న్యాయస్థానపు పని కిందికి రాదని 2013లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో తేల్చింది.

ఇల్లినాయ్ రాష్ట్రంలోని పాలటైన్ అనే పట్టణపు కేసు వీటికంటే చిన్నదే కానీ కళ్ళకు కట్టేది. 2010 ఆగస్టు 20న అర్ధరాత్రి దాటాక వీధిలో కారు నిలిపినందుకు పోలీసు ఒకరు 20 డాలర్ల చలానా అద్దం మీది వైపరు కింద పెట్టి వెళ్ళారు. ఆ కాగితమే జరిమానా డబ్బు పెట్టి పంపే కవరు కూడా. దానిమీద యజమాని పూర్తి పేరు, చిరునామా, లైసెన్సు సంఖ్య, పుట్టినతేదీ, స్త్రీయో పురుషుడో, ఎత్తు, బరువు అచ్చయి ఉన్నాయి. దారినపోయే ఎవరైనా వంగి చూస్తే చాలు, ఎవరూ చూశారని రుజువు లేదు. రాత్రంతా వీధిలో అలా ఉంచడం వెల్లడించడమేనని 2012లో అప్పీలు కోర్టు పూర్తి ధర్మాసనం చెప్పింది కానీ, ఆ వివరాలన్నీ పోలీసు పనికి ఉపయోగపడేవే కనుక తప్పు లేదని 2015లో అదే కోర్టు పట్టణం పక్షాన తీర్పిచ్చింది. పారిస్ పలకమీద పేరూ చిరునామా ఉండాలన్న 1893 నాటి ఉత్తర్వు నూటపదిహేడేళ్ళ తర్వాత పుట్టినతేదీని, బరువును కూడా వెంటబెట్టుకుని మళ్ళీ బండి ముందుకు వచ్చి నిలబడిందన్నమాట.

చట్టం ప్రభుత్వ శాఖలకు వదిలిన దారి దీన్ని మించినది. మినెసోటాలో ఒక మాజీ పోలీసు అధికారిణి లైసెన్సు వివరాలను నూరుమందికి పైగా పోలీసులు వందలసార్లు, కేవలం కుతూహలం కొద్దీ కంప్యూటర్లలో తెరిచి చూశారు. వివిధ పట్టణాలు ఆమెకు చెల్లించిన రాజీ మొత్తాలు కలిపితే 10 లక్షల డాలర్లు దాటాయి. ముఖాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ వచ్చాక లైసెన్సు ఫొటోల కోశమే ఒక అనుమానితుల ఆల్బమ్‌గా మారింది. 21 రాష్ట్రాల లైసెన్సు ఫొటోలలో వెతికే వీలు ఎఫ్‌బీఐకి ఉందని 2019లో అమెరికా ప్రభుత్వ తనిఖీ కార్యాలయం నివేదించింది. కాలిఫోర్నియా డీఎంవీ, షేఫర్ చిరునామా ఇచ్చిన ఆ శాఖే, చట్టం అనుమతించిన సందర్భాల కిందనే సమాచారం ఇచ్చి ఏటా సుమారు 5 కోట్ల డాలర్లు రాబడుతోందన్న సంగతీ అదే సంవత్సరం బయటపడింది. ఇదంతా అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి దూరపు సంగతి కాదు. 2005 నాటి రియల్ ఐడీ చట్టం లైసెన్సు కోసం చూపిన మూలపత్రాల చిత్రాలను కనీసం 10 ఏళ్ళు భద్రపరచమంటుంది కాబట్టి, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో వరుసలో నిలబడి రియల్ ఐడీ లైసెన్సు తీసుకున్న తెలుగు ఇంజనీరు పాస్‌పోర్టు, వీసా కాగితాలు కూడా ఆ కోశంలోనే ఉంటాయి.

భారతదేశంలో కథ ఆలస్యంగా మొదలైనా అదే బాట పట్టింది. జిల్లా ఆర్టీవో కార్యాలయాల్లో విడివిడిగా ఉన్న ఆర్‌సీ, లైసెన్సు రికార్డులను జాతీయ సమాచార కేంద్రం రూపొందించిన 'వాహన్', 'సారథి' అనే రెండు కంప్యూటర్ వ్యవస్థలు ఒకచోట చేర్చాయి. తెలంగాణ మాత్రం చాలాకాలం సొంత వ్యవస్థతోనే నడిచింది. బండి నంబరును ఎస్సెమ్మెస్‌గా పంపితే యజమాని పేరు తిరిగి వచ్చే సదుపాయం ఒక దశలో దేశంలో చాలాచోట్ల ఉండేది, దాన్ని గోప్యతకు భంగమని అనుకున్నవారు తక్కువ, సెకండ్ హ్యాండ్ బండి కొనేముందు వాడుకున్నవారు ఎక్కువ. నంబరు మన దగ్గర దాచుకునే వస్తువు కాకపోవడం దీనికి ఒక కారణం కావచ్చు. 9999 కోసం ఖైరతాబాద్ వేలంపాటలో లక్షలు పోసేవారికి నంబరు నలుగురూ చూడటానికే. 2019 మార్చిలో కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ ఈ సమాచారాన్ని టోకున అందించే విధానం ప్రకటించి, వ్యాపార సంస్థలకు ఏడాదికి 3 కోట్ల రూపాయలు, విద్యాసంస్థలకు 5 లక్షలు ధర కట్టింది. వేరువేరు జాబితాలను జోడిస్తే మనిషి ఎవరో తేలిపోయే ప్రమాదముందని ఆ విధాన పత్రమే ఒప్పుకుంది. 87 ప్రైవేటు సంస్థలకు, 32 ప్రభుత్వ సంస్థలకు ఈ సమాచారం అందుబాటులో ఉందని, దీనివల్ల 65 కోట్ల రూపాయలు వచ్చాయని మంత్రి నితిన్ గడ్కరీ 2019 జూలైలో రాజ్యసభకు తెలిపారు. గోప్యత మీద ఆందోళనల కారణంగా 2020 జూన్‌లో ఆ విధానాన్ని రద్దు చేశారు. ఈ సమాచారం మీద ఖజానాకు చేరినది మొత్తం 111 కోట్లకు పైనే.

అమెరికా తీర్పు వాణిజ్యం మీద నిలిస్తే, భారతదేశంలో పునాది వేరు. గోప్యత ప్రాథమిక హక్కా కాదా అన్న ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి నివేదించిన 2015 నాటి భారత సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనానికి నేతృత్వం వహించినది కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా అవునని చెప్పినప్పుడు ఆయనా ఒక ప్రత్యేక తీర్పు రాశారు. హక్కుగా గుర్తించడంలో మనవారు ఒక మెట్టు పైనే ఉన్నారు. అయితే హక్కు భంగపడిన మనిషికి చేతికి ఏం దక్కుతుందన్న దగ్గర లెక్క మారుతుంది. అమెరికాలో చిరునామా అక్రమంగా బయటపడిన డ్రైవరుకు చట్టం కనీసం 2,500 డాలర్లు నిర్ణయించింది. భారతదేశపు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం ఉల్లంఘించినవారిమీద 250 కోట్ల రూపాయల వరకు జరిమానాకు వీలు కల్పిస్తూనే, ప్రభుత్వం తాను కోరిన తన సంస్థలను ఆ చట్టం నుంచి మినహాయించుకోవచ్చునంటుంది. వసూలైన జరిమానా 34వ సెక్షను ప్రకారం భారత సంచిత నిధికి జమ అవుతుంది, సమాచారం పోగొట్టుకున్న మనిషికి అందులో వాటా లేదు.